చట్నీ గిన్నె దగ్గర నుంచి గల్లాపెట్టె దగ్గరికి: ఒక టైఫాయిడ్ క్యారియర్ కేసు

పెన్నా డెల్టాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పెద్ద గ్రామం. ఒకవైపు వరి, ఇంకోవైపు రొయ్యల గుంటలు. ఆ ఊళ్లో మూడేళ్ల పాటు టైఫాయిడ్ తెగకుండా సాగింది. ఒకేసారి యాభై మంది మంచాన పడి ఉంటే పత్రికల్లో వచ్చేది, పెద్ద అధికారులు వచ్చేవారు, ట్యాంకులు కడిగించేవారు. ఇక్కడ అలా జరగలేదు. నెలకో రెండు నెలలకో ఒక కేసు. ఒకరు కోలుకుని పనిలోకి వెళ్లేసరికి మరో వీధిలో ఇంకొకరు పడేవారు. జిల్లా వ్యాధి నిఘా విభాగంలో ఉన్న నా దగ్గరికి అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిణి ఈ సంగతి తెచ్చినప్పుడు, "వానలు లేని నెలల్లో కూడా వస్తోంది సార్" అన్నారు.

ఈ కేసులో కీలకమైన మాట అదే. నెల్లూరు జిల్లాకు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలతోనే వాన పడుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తాగునీటిలో మురుగు కలిసి వచ్చే టైఫాయిడ్ అయితే ఆ నెలల్లోనో, ఆ వెంటనేనో ఎక్కువగా కనిపించాలి. ఇక్కడ సంక్రాంతికీ ఉంది, నడివేసవిలోనూ ఉంది. ఏడాది పొడవునా సన్నగా కారుతున్న కుళాయి లాంటి రోగం ఇది. దాని వెనుక ఏదో స్థిరమైన మూలం ఉండాలి.

వ్యక్తులను గుర్తుపట్టే వీలు లేకుండా వయసులు, బంధుత్వాలు, కొన్ని స్థల వివరాలు మార్చి రాస్తున్నాను. వైద్యానికి సంబంధించిన వివరాలు మార్చలేదు.

ఏది కేసు, ఏది కాదు

ఆ ఊరి వాళ్ల ఇళ్లలో వైడాల్ పరీక్ష (రక్తంలో టైఫాయిడ్ యాంటీబాడీలు చూసే పరీక్ష) చీటీలు సంచుల కొద్దీ ఉన్నాయి. మూడు రోజులు జ్వరం వస్తే చాలు, వైడాల్ రాయడం, పాజిటివ్ అని రావడం, సెలైను కట్టడం. టైఫాయిడ్ ఎప్పుడూ ఉండే ప్రాంతంలో చాలామంది రక్తంలో ఆ యాంటీబాడీలు ముందునుంచే కొంత ఉంటాయి. ఒక్కసారి చేసిన వైడాల్ మీద ఆధారపడితే ఊళ్లో సగం మంది టైఫాయిడ్ రోగులే అవుతారు. అందుకని ఆ చీటీలన్నీ పక్కన పెట్టించాను. రక్తం కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూసే పరీక్షలో, టైఫాయిడ్ క్రిమి సాల్మొనెల్లా టైఫీ పెరిగితేనే కేసుగా లెక్క. రక్తం కల్చర్ సైతం టైఫాయిడ్ ఉన్నవారిలో రమారమి సగం నుంచి అరవై శాతం మందినే పట్టిస్తుంది. అప్పటికే యాంటీబయాటిక్ పడి ఉంటే ఇంకా తక్కువ. అంటే మా లెక్క అసలు సంఖ్య కంటే తక్కువే. అయినా మూలం వెతికేటప్పుడు వంద అనుమానపు కేసుల కంటే పది ఖాయమైన కేసులే నయమని నా అభిప్రాయం.

రక్తం సీసాలు నెల్లూరు వైద్య కళాశాల ప్రయోగశాలకు తెల్లవారి బస్సులో వెళ్లేవి. మొదట్లో ఏఎన్ఎం వాటిని అలవాటు కొద్దీ టీకాల డబ్బాలో మంచు ముక్కల మధ్య సర్దేది. కల్చర్ సీసా చల్లబడితే ఉన్న సూక్ష్మజీవి కూడా పెరగదు. దాన్ని గది ఉష్ణోగ్రతలోనే పంపాలి. ఇలాంటి చిన్న విషయాలు ఏ మార్గదర్శక పత్రంలోనో ఎక్కడో ఒక మూల ఉంటాయి. పని మాత్రం వాటి దగ్గరే ఆగిపోతుంది.

నీటిని ముందుగా తేల్చుకున్నాం

తనకు జబ్బు లేకుండానే క్రిమిని మోస్తూ ఇతరులకు అంటించే మనిషిని క్యారియర్ అంటారు. ఆ మాట వినగానే కొందరు వైద్యులకు వేట మొదలుపెట్టాలన్న ఉత్సాహం వస్తుంది. నీరు చెడిన ఊళ్లో క్యారియర్‌ను వెతకడం దండగ. కాబట్టి కుళాయిల దగ్గర క్లోరిన్ చూశాం, ట్యాంకుల నీటిని హైడ్రోజన్ సల్ఫైడ్ సీసాల్లో పోసి మర్నాటిదాకా ఉంచాం. మలంతో కలుషితమైన నీరైతే ఆ సీసా నల్లబడుతుంది. ఒక వీధి చివర మాత్రం క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువగా ఉంది. దాన్ని సరిచేయించాం. ఊరికి రెండు ఓవర్‌హెడ్ ట్యాంకులు, ఒక ఆర్‌ఓ ప్లాంటు ఉన్నాయి. కేసులు మూడింటి నీళ్లు తాగేవారిలోనూ ఉన్నాయి. సరిచేశాక కూడా కొత్త కేసు వచ్చింది. దాంతో నీటి సంగతి తేలిపోయింది.

తర్వాత వయసులు చూశాం. టైఫాయిడ్ మన దగ్గర ఎక్కువగా బడి వయసు పిల్లల జబ్బు. ఈ జాబితాలో ఎక్కువమంది పద్దెనిమిది నుంచి నలభై లోపు వాళ్లు: రొయ్యల గుంటల మీద మేత వేసేవాళ్లు, పొద్దున్నే నెల్లూరు బస్సెక్కే డిగ్రీ విద్యార్థులు, ఇద్దరు ఆటో డ్రైవర్లు. ఇంట్లో వాళ్లతో కలిసి ఒకే నీళ్లు తాగుతూ, ఇంట్లో మిగతావారికి రాని జ్వరం వీళ్లకే ఎందుకు వచ్చింది? ఇంటి బయట వీళ్లు చేస్తున్నది, మిగతావాళ్లు చేయనిది ఏదో ఉంది.

టైఫాయిడ్ సోకాక జ్వరం బయటపడటానికి మామూలుగా ఒకటి రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి నెల దాటుతుంది. "జ్వరం వచ్చే ముందు ఏం తిన్నావు?" అంటే ఎవరికి గుర్తుంటుంది? అందుకని అలవాట్లు అడిగించాం. పొద్దున టిఫిన్ ఎక్కడ, అక్కడే కూర్చుని తింటారా, కట్టించుకుని తీసుకెళతారా, ఎన్ని గంటలకు తింటారు. అదే వీధిలో, అదే వయసులో, జ్వరం రానివాళ్లనూ ఇవే అడిగాం. ఒక్కరు తప్ప కల్చర్ పాజిటివ్ వచ్చిన వాళ్లంతా బస్టాండు పక్కనున్న ఒకే టిఫిన్ అంగడికి వెళ్లేవాళ్లు. జ్వరం రానివాళ్లలోనూ అక్కడ తినేవాళ్లు చాలామంది ఉన్నారు. తేడా మరో చోట ఉంది: వాళ్లు ఎక్కువగా బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్లు. రోగుల్లో ఎక్కువమంది పొట్లం కట్టించుకుని, గుంటల దగ్గరో కాలేజీలోనో పదింటికీ పదకొండింటికీ విప్పుకునేవాళ్లు.

చట్నీ

తెల్లవారక ముందే వెళ్లి ఆ అంగడిలో పని మొదటి నుంచి చూశాం. ఇడ్లీ ఆవిరిలో ఉడుకుతుంది, దోసె పెనం మీద కాలుతుంది, సాంబారు తెర్లుతుంది. టైఫీ క్రిమి వీటిలో బతకదు. మిగిలింది కొబ్బరి చట్నీ.

యజమాని తల్లి, అరవై దాటిన మనిషి, నాలుగింటికే లేచి కాయలు కొట్టి, కొబ్బరి తీసి, వేయించిన శనగపప్పు, పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి గ్రైండర్‌లో రుబ్బుతుంది. అంచులకు అంటుకున్నదాన్ని చేత్తోనే లోపలికి తోస్తుంది. పెద్ద స్టీలు గిన్నెలోకి తీసి, డ్రమ్ములో నీళ్లు చెంబుతో పోసి, చెయ్యి పెట్టి కలుపుతుంది. ఉప్పు సరిపోయిందో లేదో వేలితో నాలుక మీద వేసుకుని చూస్తుంది. తర్వాత ఆవాలు, కరివేపాకు తాలింపు చుయ్యిమని పైన పడుతుంది. ఆ చప్పుడు వినేవారికి చట్నీ అంతా వేడెక్కినట్టు అనిపిస్తుంది. రెండు గరిటెల నూనె పది లీటర్ల చట్నీని పైపైనే తాకుతుంది, అడుగున ఉన్నది గోరువెచ్చగా కూడా కాదు. రద్దీ పెరిగి చట్నీ తగ్గుతుంటే మళ్లీ నీళ్లు, మళ్లీ చెయ్యి. పార్సిళ్ల కోసం చిన్న పాలిథిన్ కవర్లలో ముందుగానే కట్టి వరసగా పెడతారు.

1960లలో అమెరికాలోని మేరీలాండ్‌లో స్వచ్ఛందంగా వచ్చిన వారి మీద చేసిన ప్రయోగాల్లో, వెయ్యి టైఫీ క్రిములు మింగినవారికి జబ్బు రాలేదు. లక్ష మింగినవారిలో నాలుగో వంతుకు పైగా పడ్డారు. చేతి నుంచి చట్నీలోకి వెళ్లేవి కొద్దిపాటి క్రిములే కావచ్చు. కొబ్బరి, పప్పు, ఉప్పు తక్కువ, పులుపు లేదు, మీదట నెల్లూరు ఎండ. కవర్లో ఐదారు గంటలు ఉంటే అవి పెరగడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. అక్కడే కూర్చుని వేడి ఇడ్లీతో తిన్నవాడికి ఏమీ కాకుండా, పార్సిల్ తీసుకెళ్లినవాడికి జ్వరం రావడానికి నేను చెప్పగలిగే కారణం ఇదే.

పరీక్షలు, మధ్యలో ఒక తప్పు వేట

అంగడిలో పనిచేసే అందరికీ మల పరీక్ష అన్నాం. ముసలావిడ ఒక్కదాన్నే అడిగి ఉంటే ఆ రోజు సాయంత్రానికి ఊరంతా పాకేది. యజమాని, అతని భార్య, తల్లి, సర్వరు కుర్రాడు, గిన్నెలు తోమే ఆమె, ఐదుగురూ ఇవ్వాలి. క్యారియర్ మలంలో క్రిమి రోజూ రాదు, విడతలు విడతలుగా వస్తుంది. ఒక్క నమూనా నెగెటివ్ అయితే ఏమీ తేలినట్టు కాదు. అందుకే మూడేసి నమూనాలు.

ఇక్కడే యజమాని నన్ను పక్కకు పిలిచి, "సార్, ఆ గిన్నెలు తోమే ఆవిడకు పచ్చకామెర్ల రోగం రక్తంలో ఉందంట. ఆవిడే అయ్యుంటుంది. రేపటినుంచి రావద్దని చెప్పేస్తాను" అన్నాడు. గర్భిణిగా ఉన్నప్పుడు చేసిన పరీక్షలో ఆమెకు హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చిందట. ఆ చీటీ సంగతి ఎలా పాకిందో గానీ ఊళ్లో అందరికీ తెలుసు. ఆమె కూడా ఒక రకంగా దీర్ఘకాలిక క్యారియరే. కానీ హెపటైటిస్ బి రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, ప్రసవంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. తిండి ద్వారా, గిన్నెల ద్వారా, చెయ్యి తగిలితే సోకదు. వంటగదిలో పనిచేయకుండా ఆమెను ఆపాల్సిన అవసరం ఏ నిబంధనలోనూ లేదు. ఇది చెప్పడానికి ఆ పూట మొత్తం పట్టింది. రెండు రోగాల క్యారియర్లనూ ఒకే గాటన కట్టడం మన ఊళ్లలోనే కాదు, కొన్ని ఆసుపత్రుల్లో కూడా చూశాను. ప్రమాదం లేనిచోట మనిషిని వెలివేసి, ఉన్నచోట చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఆమె ఉద్యోగం నిలిచింది. ఆమె ఇంట్లో వాళ్లకు హెపటైటిస్ బి టీకాలు వేయించాం.

ముసలావిడ మొదటి నమూనా నెగెటివ్. రెండోది సెలెనైట్ ద్రవంలో పెంచి, బిస్మత్ సల్ఫైట్ అగార్ అనే, క్రిములను పెంచే పదార్థం మీద పరిస్తే రెండు రోజుల్లో నల్లని కాలనీలు వచ్చాయి, చుట్టూ లోహపు మెరుపుతో. సీరం పరీక్షలో టైఫీ అని తేలింది. మూడో నమూనా కూడా పాజిటివే. మిగతా నలుగురిలో ఏమీ లేదు. రోగుల నుంచి తీసిన క్రిములకూ ఈమె క్రిమికీ మందులకు లొంగే తీరు ఒకటే: ప్రయోగశాల పరీక్షలో వాడే పెఫ్లాక్సాసిన్ బిళ్లకు లొంగలేదు, అంటే సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయదని గుర్తు, ఆంపిసిలిన్‌కు, కోట్రైమోక్సజోల్‌కు లొంగింది. దేశంలో ఇవాళ ఎక్కడ చూసినా దాదాపు ఇదే ధోరణి కాబట్టి, ఈ పోలిక ఒక్కటే రుజువు కాదు. జన్యుక్రమం తీసి చూస్తే ఖాయంగా తేలేది, మాకు ఆ వసతి లేదు. తినే అలవాట్ల లెక్క, చట్నీ తయారీ, కల్చర్, ఈ మూడూ ఒకేవైపు చూపించాయి. చర్య తీసుకోవడానికి నాకు అది చాలు.

చరిత్ర అడిగితే, ముప్ఫై ఏళ్ల కిందట రెండో కాన్పు తర్వాత మూడు వారాలు వదలని జ్వరం వచ్చి జుట్టంతా ఊడిందని చెప్పింది. కొన్నేళ్లుగా నూనె పదార్థం తింటే కుడివైపు డొక్కలో నొప్పి. గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకునేది. స్కానింగులో పిత్తాశయంలో రాళ్లు కనిపించాయి.

టైఫాయిడ్ వచ్చినవాళ్లలో నూటికి ఒకరి నుంచి ఐదుగురి దాకా ఏడాది దాటినా క్రిమిని విసర్జిస్తూనే ఉంటారు. వీళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఎక్కువ, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు ఇంకా ఎక్కువ. 2010లో మెక్సికోలో చేసిన పరిశోధనలో క్యారియర్ల రాళ్ల మీద టైఫీ క్రిములు పొరలా అల్లుకుని ఉండటం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. ఆ పొరలోకి మందు సరిగా దిగదు. రాయి ఉన్నంతకాలం మాత్రలతో క్యారియర్ స్థితి పోవడం అరుదు.

"నా చేతి వంట తినే ఊరంతా పెరిగింది"

ఫలితం చెప్పడానికి ఆమె ఇంటికి వెళ్లాం, అంగడికి కాదు. నేనూ, వైద్యాధికారిణీ, ఆమెకు పరిచయమున్న ఆశా కార్యకర్త. ఆమె అంతా విని, "ఒంట్లో వెచ్చగా కూడా లేదు నాయనా, నాకు రోగమేమిటి? నా చేతి వంట తినే ఈ ఊరంతా పెరిగింది. నా చేతిలో విషముందని చెప్పడానికి వచ్చారా?" అంది. కోడలు తలుపు వెనకే నిలబడి ఉంది. కొడుకు నేల చూపులు చూస్తున్నాడు.

దానికి సూటి జవాబు లేదు. చేతిలో విషం లేదమ్మా, కడుపులో రాయి మీద ఒక పురుగు కాపురం పెట్టింది, మీకు జ్వరం రానివ్వదు, అప్పుడప్పుడు బయటికి వస్తుంది అన్నాను. మీ తప్పు లేదు అని నాలుగుసార్లు చెప్పినా ఆమె నమ్మలేదు. వైద్యాధికారిణి డొక్క నొప్పి గురించి మాట్లాడటం మొదలుపెట్టాక గానీ ఆమె మా వైపు తిరగలేదు. రాళ్లతో పాటు టైఫీ క్రిమి ఏళ్ల తరబడి ఉంటే పిత్తాశయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుందన్నది తెలిసిన విషయమే. ఆపరేషన్‌కు ఆమె ఒప్పుకున్నది ఊరి మేలు కోసం కాదు, తన నొప్పి కోసం. అందులో తప్పేమీ లేదు. రోగి తన కోసం తీసుకునే నిర్ణయమే ఎక్కువకాలం నిలబడుతుంది.

ఆపరేషన్ దాకా ఏం చేయాలన్నదే గట్టి చిక్కు. చట్టం మా చేతిలో ఉంది. 2011 ఆహార భద్రత నిబంధనల్లో, తిండి ద్వారా సోకే రోగానికి క్యారియర్ అని తెలిసినవారిని, ఆహారం కలుషితమయ్యే అవకాశం ఉంటే, వంట చేసే చోటికి రానివ్వరాదని ఉంది. అంగడి మూయించమని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోలేదు.

ఎందుకో చెప్పడానికి మేరీ మాలన్ కథ కొంత చెప్పాలి. ఐర్లాండ్‌లో పుట్టి న్యూయార్క్‌లో వంటమనిషిగా బతికిన ఆమెను టైఫాయిడ్ క్యారియర్ అని 1907లో పట్టుకుని నార్త్ బ్రదర్ దీవిలో బంధించారు. 1910లో, ఇక వంట చేయనని మాట తీసుకుని వదిలారు. బట్టలుతికే పని ఇచ్చారు. వంటకు వచ్చే జీతంతో పోలిస్తే దానికి వచ్చేది చాలా తక్కువ. వేరే పేరుతో మళ్లీ వంటకు చేరింది. 1915లో ఆమె పనిచేసిన స్లోన్ ప్రసూతి ఆసుపత్రిలో ఇరవై ఐదు మందికి టైఫాయిడ్ వచ్చి ఇద్దరు చనిపోయారు. మళ్లీ ఆ దీవికే పంపారు, 1938లో చనిపోయేదాకా అక్కడే. ఆ నగరంలో అప్పటికి తెలిసిన క్యారియర్లు వందల్లో ఉన్నారు, వాళ్లలో దాదాపు అందరూ బయటే తిరిగారు. ఈ కథను ఆమె మొండితనం గురించిన పాఠంగా చెబుతుంటారు. నాకు కనిపించేది 1910 నాటి ఆ చవక ఏర్పాటు. అన్నం పెట్టే పని తీసేసి మాట మాత్రం తీసుకుంటే, ఆ మాట ఆకలి ముందు ఎంతకాలం నిలుస్తుంది?

ఈ ఊళ్లో అంగడి మూస్తే ఆ ముసలావిడ ఇంటి దగ్గర రుబ్బి పంపుతుంది. అది నాకు కనపడదు. కాబట్టి ఆమెను అంగడిలోనే ఉంచి, వంటగది గడప దాటనివ్వని పని చూశాం. గల్లాపెట్టె. డబ్బు తీసుకోవడం, చిల్లర ఇవ్వడం, బల్లల లెక్క. రుబ్బడం కోడలి వంతు. "ఆ రుచి రాదు సార్, గిరాకీ పోతుంది" అన్నాడు కొడుకు. కొంత పోయింది కూడా. చట్నీ గంటకోసారి కొద్దికొద్దిగా రుబ్బాలి, కలపడానికి గరిటె, డ్రమ్ము నీళ్లు పోయకూడదు. పార్సిల్లో కొబ్బరి చట్నీ బంద్. దాని బదులు కారప్పొడి, సాంబారు. గుంటల మీద పనిచేసేవాళ్లు కొన్నాళ్లు గొణిగారు. ఇంట్లో ఆమెకు వేరే మరుగుదొడ్డి కుదరలేదు, అందుకే సబ్బు, గోళ్లు, చేతులు అనే పాఠం మనవళ్లతో సహా అందరికీ పడింది. ఇంట్లో వాళ్లకూ పనివాళ్లకూ టైఫాయిడ్ కాంజుగేట్ టీకా వేయించాం. హైదరాబాద్‌లో తయారయ్యే ఈ రకం టీకానే ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగా గుర్తించింది. ఆరు నెలల పిల్లల నుంచి ఒక్క డోసు చాలు. చుట్టూ ఉన్నవాళ్లను అది కాపాడుతుంది, క్యారియర్ కడుపులోని క్రిమిని మాత్రం పోగొట్టదు. ఈ తేడా యజమానికి చెప్పకపోతే అమ్మకూ టీకా వేయించి మళ్లీ గ్రైండర్ దగ్గర కూర్చోబెట్టేవాడు.

ఆపరేషన్, ఆ తర్వాత

నెల్లూరులోని ప్రభుత్వ బోధనాసుపత్రిలో పిత్తాశయం తీసేశారు. పైత్యరసంలోనూ, చితక్కొట్టిన రాయిలోనూ టైఫీ పెరిగింది. సిప్రోఫ్లాక్సాసిన్ నాలుగు వారాలు ఇవ్వడం పుస్తకాల్లో ఉన్న మొదటి పద్ధతి. ఈ క్రిమికి అది పనికిరాదు కాబట్టి సర్జన్, మైక్రోబయాలజిస్టు, నేను మాట్లాడుకుని ఆరు వారాల అమోక్సిసిలిన్‌కు వెళ్లాం. ఆశా కార్యకర్త రోజూ కళ్లెదుట మింగించేది. పిత్తాశయం తీసినా కొందరిలో కాలేయ నాళాల్లో క్రిమి మిగిలిపోతుంది. అందుకే ఆపరేషన్ అయింది కదా అని వదలలేదు.

మందు ఆపాక నెలకొకటి చొప్పున మూడు నమూనాలు వరసగా నెగెటివ్ రావాలి, అప్పుడే నిషేధం ఎత్తివేయాలన్నది ఒప్పుకున్న ప్రమాణం. నమూనా ఆమెదే అని నిర్ధారణ కావాలి కూడా. ఇంటి నుంచి డబ్బా తెప్పించుకుంటే ఎవరిదైనా కావచ్చు. జీవనాధారం దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ ప్రలోభం సహజం. ఆమె ఆరోగ్య కేంద్రానికే వచ్చి ఇచ్చేది. మూడూ నెగెటివ్ వచ్చాయి. వంటగదిలోకి వెళ్లవచ్చని కాగితం రాసిచ్చాం, ఏడాదికోసారి కల్చర్ షరతు మీద. ఆమె గల్లాపెట్టె వదల్లేదు. కోడలికి రుబ్బడం వచ్చేసిందని కారణం చెప్పింది. కొడుకు చేతిలో లెక్క ఎప్పుడూ తేలేది కాదని ఆశా కార్యకర్త నాకు చెప్పిన కారణం.

ఇటువంటి కేసులో మురుగు కాలువల్లో గుడ్డ కట్టి, దానికి క్రిమి అంటిందేమో పరీక్షిస్తూ క్యారియర్ ఇంటి దాకా వెనక్కి వెళ్లే పద్ధతి ఒకటి ఉంది. 1940లలో ఇంగ్లండ్‌లో మూర్ అనే ఆయన మొదలుపెట్టాడు. సెప్టిక్ ట్యాంకుల ఊళ్లో దానికి దారి లేదు, గొట్టాలే లేవు కదా. మన దగ్గర కేసుల జాబితాయే ఆ గుడ్డ.

చట్నీ పద్ధతి మారినప్పటి నుంచి ఆ అంగడికి వెళ్లేవాళ్లలో కొత్త కల్చర్ పాజిటివ్ రాలేదు. మొదటి జాబితాలో మిగిలిపోయిన ఆ ఒక్కరి సంగతి వేరు. వేరే రాష్ట్రం నుంచి వచ్చి గుంటల దగ్గర షెడ్డులో ఉండే కుర్రాడు, వంట తనే చేసుకుంటాడు, ఆ అంగడి గడప తొక్కలేదు. అతని క్రిమి ఆంపిసిలిన్‌కు, కోట్రైమోక్సజోల్‌కు, క్లోరాంఫెనికాల్‌కు, మూడింటికీ లొంగలేదు. అది ముసలావిడ క్రిమి కాదు. షెడ్డులో డ్రమ్ము నీళ్లు పోసిన సీసా మర్నాటికి నల్లబడింది. అతనికి వేరే ఫైలు తెరిచి, ఆ షెడ్లకు నీళ్లు తెచ్చే ట్యాంకరు ఎక్కడ నింపుతున్నారో కనుక్కునే పని ఆరోగ్య పర్యవేక్షకుడికి అప్పగించాను.